సెలవునాటి గోళీ

“ఉమ్మెయ్యి. నోట్లది ముందుగాల ఉమ్మెయ్యే,” అంటూ సోమలింగం చాప మీది నుంచి లేచి, జారిపోతున్న లుంగీని ఒక చేత్తో పట్టుకొని పెళ్లాం దగ్గరికి ఉరికాడు.

కొమురవ్వ ఉమ్మలేదు. గ్లాసెడు నీళ్లు నిదానంగా తాగి, గోడ పక్కన నిటారుగా నిలబడింది. “బొక్కల గోళీ ఇది. మింగినంక అద్దగంట ఒరగొద్దు, చాయ్ తాగొద్దు. నువ్వు జర దూరం జరుగు.”

“గోళీ సంగతి నాకెర్కే. ఇప్పుడు ఏ దినం లెక్కన ఏసుకుంటున్నవు?”

“మగ్గం బంద్ ఉన్న దినం ఏసుకొమ్మని నువ్వే చెప్తివి గదా.”

నిజమే, చెప్పింది సోమలింగమే. చలికాలంలో నల్లా దగ్గర జారి కొమురవ్వ మణికట్టు విరిగితే, ఎముకలు గుల్లబారాయని డాక్టరమ్మ రెండు దారులు చూపింది. ఏడాదికోసారి ఆసుపత్రిలో పడుకొని ఎక్కించుకునే సూదిమందు ఒకటి, వారానికొక్క గోళీ ఇంకొకటి. ఆయన సూది అన్నాడు, ఆమె గోళీ అంది. ఆ ఇంట్లో ఎప్పుడూ గెలిచేవాళ్లే గెలిచారు. కొమురవ్వకు వారాల పేర్లు గుర్తుండవు. సూరత్‌లోని ఉధ్నాలో సోమలింగంలా మరమగ్గాల మీద పనిచేసేవాళ్ల ఇళ్లలో మగ్గానికి సెలవున్న రోజే తలంటు, ఆ రోజే మాంసం కూర. గోళీని కూడా ఆ రోజుకే ముడిపెట్టాడు. అంతా బాగానే ఉంది. ఇంతలో కరోనా వచ్చి పడింది. కొమురవ్వకు తెలిసినంతలో సూరత్ మగ్గాలన్నీ ఆగిపోయి రెండు నెలలు. అంటే ఆమెకు రెండు నెలలుగా రోజూ సెలవే.

“మగ్గం బంద్ ఉన్న ప్రతి దినం ఏసుకున్నవా?”

“ఒక్కటి తప్పలే,” అంది కొమురవ్వ, బడిలో మార్కులు చెప్పుకునే పిల్లలా.

ఆమె మింగడం తన కంట పడే వీలేదీ? సేఠ్‌లు బియ్యం పంచుతున్నారు, లైనులో నిలబడాలి అని చెప్పి చీకటితోనే వెళ్లి, పొద్దుగూకాక రావడమాయె. వచ్చి లైను ముచ్చట్లు చెప్పేవాడు. ముందు నిలబడ్డవాడు గడ్డం గీయించుకొని వచ్చాడట, వాడి వంతు వచ్చేసరికి గడ్డం బొడ్డు దాకా పెరిగిందట. కొమురవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. ఈ రోజు లైను లేదని ఇంట్లో పడుకొని, ఎప్పుడూ లేనిది పెందలాడే మేలుకున్నాడు గనుక గోళీ కంటబడింది.

“రోజుకొకటి మింగితే పేగులు కాలుతయే.”

“ఏం కాదు. మీ ఊళ్లె బుచ్చిరాములు గీ గోళీ మింగితే, దున్నపోతు పొడిస్తె దాని కొమ్మే వంగిందంటివి.”

“వాడు వారానికొక్కటే మింగిండు.”

“వాడు సచ్చి ముప్పై ఏండ్లాయె. అప్పుడీ గోళీ ఉండెనా?”

సోమలింగం ఫోను తీశాడు. తొందరలో మొదటిసారి నంబరు వేరే ఎవరికో పోయింది. రెండోసారికి డాక్టరమ్మ దొరికింది. విషయం వినగానే ఆమె గొంతు మారింది. హిందీలో ఒక్కొక్కటే అడిగింది. సోమలింగం దాన్ని తెలుగు చేసి పెళ్లాన్ని అడిగాడు.

“గొంతుల మంట ఉన్నదా?”

“లేదు.”

“మింగుతుంటే రొమ్ముల నొస్తుందా? కాళ్లు చేతులు కొంకర్లు పోతున్నయా?”

“ఆకలైతుంది. చాయ్‌కి ఇంకెంత సేపో అడుగు.”

అవతల డాక్టరమ్మ కాగితాలు తిరగేసింది. ఆ కాసేపట్లో సోమలింగం కొమురవ్వను ఆసుపత్రిలోనూ చూశాడు, ఇంకా అవతల కూడా చూశాడు. “సూదే ఇయ్యండి మేడమ్. నేను వీపు మీద మోసుకొస్త. పోలీసులు కొడితే కొట్టనియ్యండి,” అన్నాడు.

“ఆగండి. లాక్‌డౌన్ మొదలయ్యాక ఎన్ని గోళీల పట్టీలు కొన్నదో అడగండి,” అంది డాక్టరమ్మ.

“మూడు,” అంది కొమురవ్వ. “పట్టీకి నాలుగుంటయ్. రెండు పోయిన సెలవుకు ఒడిసినయ్. ఇయ్యాల మూడోది తీసిన.”

డాక్టరమ్మ లెక్క వేసుకొని నవ్వింది. “వారానికొక్కటే పడింది. కొలిచినట్టు వేసుకుంది మీ ఇంటావిడ. ఇప్పుడు మందు మార్చే పనేం లేదు. సూదిమందు సంగతి ఈ కరోనా తగ్గాక, ఎముకల పరీక్ష చేసి చూద్దాం. కంగారు పడకండి.”

సోమలింగం ఫోను పక్కన పెట్టి, ఉన్నచోటే కూలబడి, ముఖం తుండుగుడ్డలో దాచుకున్నాడు. కాసేపు భుజాలు కదిలాయి. ఏడుపో నవ్వో ఆయనకే తెలియదు. తర్వాత లేచి, పెళ్లయ్యాక ఎన్నడూ లేనిది, తనే స్టవ్ ముట్టించి చాయ్ పెట్టాడు. చక్కెర సగం గిన్నెలో పడింది, సగం నేల మీద పడింది.

చాయ్ గ్లాసు ఆమె చేతికి ఇచ్చాక గానీ ఆయనకు అనుమానం రాలేదు.

“అవునే, లాక్‌డౌన్ల రోజూ బందే గదా. వారానికొక్క దినం ఏదో నీకెట్ల ఎర్కైంది?”

“నువ్వు బియ్యం లైనుకు పోకుండ ఇంట్ల పండుకున్న దినం.”

“బియ్యం లైనుకు, మగ్గం సెలవుకు ఏం సంబంధమే?”

కొమురవ్వ తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించింది. “లైన్ల నిలబడొచ్చినోని చెవులల్ల నూలుదుమ్ము ఎట్లుంటదయ్యా? మీ సేఠ్ షటర్ దించి మగ్గం నడిపిస్తున్నడని నాకు మొదటి దినమే ఎర్కైంది.”