పెద్ద మేస్త్రీ అలక

“చుట్టూ కంచె కడితే గానీ తిరగలేకపోవడానికి నేనేమన్నా కోడిపిల్లనా అమ్మా?” పెద్ద మేస్త్రీ చేతిలోని స్పానర్ పక్కన పడేశాడు.

పరంజా అప్పటికి రెండంతస్తులు లేచింది. పనివాళ్ళు ఎనిమిది మందీ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

“కింది పలకల మీద నిలబడే పై అంతస్తుకు రెయిలింగ్ బిగించాలి. ఆ తర్వాతే పైన కాలు పెట్టాలి,” అంది ఇంజనీరమ్మ. “ఇష్టం లేకపోతే ఇంటికి వెళ్ళొచ్చు.”

“మీరు పుట్టకముందు నుంచీ ఎక్కుతున్నాను. ఒక్కసారీ పడలేదు.”

“పడనివాళ్ళే ఆ మాట చెప్పగలరు మేస్త్రీగారూ. పడ్డవాళ్ళు వచ్చి చెప్పరుగా.”

మేస్త్రీ తువ్వాలు దులుపుకుని, గేటు పక్కన ఇటుకల మీద మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

ఆ ఎనిమిది మందిలో ఒకడైన లెక్కలాయన చేతిలోని పలక కింద పెట్టాడు. దేనికైనా లెక్క కట్టనిదే అడుగు వెయ్యడు కనుక తోటివాళ్ళు పెట్టిన పేరది. కంపెనీ సైట్లన్నిటికీ ఈయనే పెద్ద మేస్త్రీ. తమను పనిలో పెట్టిందీ ఈయనే. ఆయన వెళ్ళిపోతే తామూ వెళ్ళాలి, అది మర్యాద. వెళ్తే మూడు నెలల పని నీళ్ళపాలు. ఆ కొత్త రెయిలింగంటే అతనికీ గిట్టదు. నిన్న దాన్ని అందరికంటే గట్టిగా వెక్కిరించింది తనే. అయినా బేరం చెడబోతుంటే ఎవరో ఒకరు దిగిరావాలి.

“బాబాయ్, అది బిగిస్తే అంతస్తుకి ఎంత ఆలస్యం?” ఇటుకల దగ్గరికి వెళ్ళి అడిగాడు.

“ఎనిమిది నిమిషాలు.”

“మొత్తం నాలుగంతస్తులు. ముప్పై రెండు నిమిషాలు. మన టీ కబుర్లే అంతకంటే ఎక్కువ.”

“టైము కాదురా, పరువు.”

“తుంటి విరిగితే పరువు కూడా మంచం మీదే ఉంటుంది. అరగంట మిగుల్చుకుని ఆర్నెల్ల మంచం కొనుక్కోవడం ఏ అంగట్లో బేరం బాబాయ్?”

ఆ మాట తన నోట వచ్చిందంటే లెక్కలాయనకే నమ్మకం కలగలేదు.

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. “నేనొక్కణ్ణే బిగిస్తే పిరికివాడంటారు. మీరందరూ బిగిస్తానంటే చూద్దాం.”

“బిగిస్తాం.”

“ఆవిడ చూడనప్పుడు కూడానా?”

“కూడా. విప్పేటప్పుడైనా, కిందికి దిగాకే పై రెయిలింగ్ తీస్తాం. ఒట్టు.”

మిగతా ఏడుగురినీ ఒప్పించడానికి పది నిమిషాలు పట్టింది. పెద్దాయన కోసం కదా, తలలూపారు.

సాయంత్రానికి పరంజా పూర్తయింది. “ఇన్నాళ్ళూ ఒక చేత్తో పని, ఇంకో చేత్తో ప్రాణం పట్టుకున్నాం. ఇవాళ రెండు చేతులూ పనికే దక్కాయి,” అన్నాడు పైనుంచి ఒకడు.

పెద్దాయన పరువు, ఎనిమిది మంది పని. ఒక్క పూటలో రెండూ నిలబెట్టానన్న లాభంతో లెక్కలాయన పనిముట్లు అప్పగించడానికి స్టోరుగది వైపు నడిచాడు. ఓరగా వేసిన తలుపు వెనక పెద్ద మేస్త్రీ గొంతు వినబడింది.

“రేపు ఏ సైటులో అలగమంటారమ్మా?”