అంజూరపు పిట్ట కూత

పిట్ట కూసింది. అనార్గిరోస్ నోరు తెరిచాడు.

పొలిక్సేని గబుక్కున చెంచా అందించింది. పప్పుచారులో నానిన రొట్టెముక్క గొంతు దిగింది.

వసంతంలో పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమె భర్తకు మాటా లేదు, ఆకలీ లేదు. ఎంత బతిమాలినా పెదవి విప్పేవాడు కాదు. పెరట్లో అంజూరపు చెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టిన ఒక మధ్యాహ్నం, పైకొమ్మ మీద పసుపుపచ్చ పిట్ట "ఫీలియో... లియో" అంది. ఆయన చంటిపిల్లాడిలా నోరు తెరిచాడు.

ఆ రోజు నుంచి కూతకో ముద్ద.

ఆగస్టు ఎండ ద్రాక్షపందిరి సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా రాలేది. కుళాయి కింది తొట్టిలో పిచ్చుకలు స్నానాలు చేసేవి. నల్లపిట్ట ఒకటి ద్రాక్షగుత్తిని పొడిచి, తనకేమీ తెలియనట్టు తోక సర్దుకునేది. పగిలిన అంజూరాల తీపి వాసనలో మధ్యాహ్నమే కునుకు తీస్తున్నట్టుండేది.

ఒకరోజు రాతిగోడ మీదుగా ఒక గడ్డిటోపీ కనిపించింది.

"అమ్మా, ఆ పిట్ట రోజూ వస్తుందా?"

ఊరివాడు కాదు. అరవై దాటాయి. కళ్లు నీలం.

"మెల్లగా మాట్లాడండి, ఎగిరిపోతుంది. అది కూస్తేనే మా ఆయన ముద్ద మింగుతాడు."

"కూయకపోతే?"

"పట్నం ఆసుపత్రిలో పడేసి, ముక్కులో గొట్టం పెడతారట. సెప్టెంబరు ఆఖరుకి గొంతు దానంతటదే దారిలో పడుతుందన్నాడు డాక్టరు. అందాకా తినాలి."

అతను టోపీ తీసి, చాలాసేపు చెట్టుకేసి చూసి వెళ్లిపోయాడు.

ఆగస్టు నడుమ మరియమ్మ పండగ వచ్చింది, పోయింది. పొలిక్సేని పైకొమ్మ పళ్లు ఒక్కటీ కోయలేదు. పిట్ట కోసమే. కూత ఆగలేదు.

పొరుగింటి స్టమాటా ఎండబెట్టిన అంజూరాల జల్లెడతో వచ్చి, కూతకు చెవి రిక్కించింది.

"నీ పిట్ట ఇంకా ఈజిప్టుకు వలస పోలేదా వదినా?"

"నా పళ్లు వదిలి ఎక్కడికి పోతుంది?"

"అదీ నిజమే. నీ తిండి మరిగితే నేను మాత్రం పోతానా?" అని నవ్విన స్టమాటా అంతలోనే గొంతు తగ్గించింది. "గోడ దగ్గర ఎవరే అది?"

నీలికళ్ల మనిషి. తల మాత్రం గోడపైకి లేచింది. చూపు పిట్ట మీద లేదు. అనార్గిరోస్ నోటి మీద ఉంది.

"తినేవాడి నోటికేసి, నీలికళ్లతో! నీలికన్ను దిష్టి తగిలితే ఇంకేమన్నా ఉందా?" స్టమాటా జాకెట్టులోకి మూడుసార్లు తూతూమంది.

ఆ తర్వాత పొలిక్సేనికి అన్నీ ఆ చూపుకే ముడిపడ్డాయి. మర్నాడు టొమాటోలు పగిలాయి. డబ్బాలో రుద్రజడ మొక్క వాడిపోయింది. అన్నిటికన్నా భయం వేసిందేమంటే, కూత వినగానే భర్త కళ్లు చెట్టు వైపు కాక గోడ వైపు తిరగడం. ఆ చూపేదో లాగుతోంది! ఆయన చొక్కాకు దిష్టి తగలకుండా నీలంపూస గుచ్చింది.

సెప్టెంబరు మొదటి సోమవారం, సగం భోజనం అయ్యేసరికి గోడపైకి ఆ తల మళ్లీ లేచింది.

పొలిక్సేని చెంచా విసిరికొట్టి గోడ దగ్గరకు వెళ్లింది.

"ఏమయ్యా! వయసొచ్చింది, బుద్ధి రాలేదా? తింటున్న మనిషిని అలా మింగేసేలా చూస్తారా ఎవరైనా? చూసినవాడివి ఒక్కసారైనా తూ అని ఉమ్మావా?"

అతను ఎర్రబడ్డాడు. "తప్పయిందమ్మా. ఇంకొక్క మూడు వారాలు..."

"ఇంకొక్క పూట కూడా కాదు!"

"పోనీ ఆ పళ్లెం ఖాళీ అయ్యేదాకా."

"వెళ్తావా, కుక్కను వదలమంటావా?"

ఆమెకు కుక్క లేదు. అయినా అతను వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం మరి కూత వినబడలేదు. మర్నాడూ లేదు. మూడోరోజూ లేదు. అనార్గిరోస్ పెదవులు తాళం వేసినట్టు బిగుసుకున్నాయి. నీళ్లు మాత్రం తడిపితే తడిసేవి.

"చూశావా, పిట్టకు కూడా పెట్టేశాడు దిష్టి!" అంది స్టమాటా. "ఎవరి కన్ను తగిలిందో వాళ్లే ఉమ్మితే గానీ దిగదు వదినా. పౌరుషం పక్కన పెట్టి వెళ్లు. కాళ్లు పట్టుకునైనా తీసుకురా."

పొలిక్సేని తలగుడ్డ బిగించుకుని, ఎండలో కొండ దారంట పైకి నడిచింది. అద్దెగదులు ఇచ్చే మరిగో, వాకిట్లో చిక్కుళ్లు ఒలుస్తోంది.

"ఆ నీలికళ్లాయన ఉన్నాడా?"

"నిన్న పొద్దుటి బస్సుకే వెళ్లిపోయాడు. నెలాఖరు దాకా ఉంటానన్నవాడు, ఏమైందో మరి. ఏం, ఏదైనా మర్చిపోయాడా?"

"మా ఆయన మీద ఉమ్మాలి."

మరిగో చిక్కుడుకాయ పట్టుకునే పకపకా నవ్వింది. "ఉమ్మడమా! ఆయన నోట్లో తడి మిగిలిందెక్కడ? తెల్లారేసరికి మేడమీద ఈల సాధన. మా కుక్కకి పిచ్చెక్కిపోయిందనుకో. మధ్యాహ్నం అయ్యేసరికి నా వంట వదిలేసి పరుగు. పెదవులు పగిలి నెత్తురొస్తే తేనెమైనం అడిగి రాసుకునేవాడు."

"ఈలేమిటి?"

మరిగో నవ్వు ఆపింది. చేతిలో కాయ చాటలోకి జారింది.

"నీకు తెలిసే జరుగుతోందనుకున్నానే! మరియమ్మ పండగ మర్నాడే ఆ అంజూరపు పిట్టలన్నీ సముద్రం దాటి వెళ్లిపోయాయి కదా, అప్పటినుంచీ గోడ వెనక పిట్టలా ఈల వేసి మీ ఆయన చేత ముద్ద మింగిస్తున్నది ఆయనే!"