గుమ్మంలో బూట్లు

“వెనక్కి చూడకు. నీ మానాన నువ్వు పరుగెత్తు” అంది పక్కనున్న పెద్దావిడ.

హేరన్ అప్పటికే నాలుగైదుసార్లు వెనక్కి చూసింది. చున్‌చన్ ఊరి సరస్సు మీది పొగమంచు గట్టంతా కమ్మేసింది. ముందు పరుగెత్తేవాళ్ళ ఊదారంగు చొక్కాలు కనిపించినట్టే కనిపించి మాయమవుతున్నాయి. ఆ మంచులో నల్లటోపీ పెట్టుకున్న మగమనిషి ఒకడు మొదట్నించీ ఆమె వెనకే వస్తున్నాడు. ఆమె నడిస్తే నడుస్తున్నాడు, పరుగెత్తితే పరుగెత్తుతున్నాడు.

ఆడవాళ్ళ మీద అత్యాచారాలు ఆగాలని ఏటా చేసే పరుగు ఇది. వచ్చిన విరాళాలు బాధితులు తలదాచుకునే ఇంటికి వెళతాయి. ఎవరి కోసం పరుగెడుతున్నారో గుడ్డముక్క మీద రాసి వీపుకి తగిలించుకోవాలి. హేరన్ తన గుడ్డ ఖాళీగా వదిలేసింది. తన కోసమే అని రాసుకునే ధైర్యం ఇంకా రాలేదు. పెద్దావిడ వీపు మీద మాత్రం ‘నా బిడ్డ కోసం’ అని గుండ్రటి అక్షరాలున్నాయి.

“ఎవరనుకుంటున్నావమ్మా వాణ్ణి?”

“ఒకడున్నాడు పిన్నీ. జైల్లో ఉండేవాడు. వాణ్ణి వదిలేశామని వసంతంలో జైలు నుంచి నా ఫోనుకి కబురొచ్చింది. ఊరు మారాను, పేరు మార్చుకున్నాను. అయినా ఎవడైనా వెనక నడిస్తే చాలు, వాడేననిపిస్తుంది.”

“మొహం గుర్తుంటుంది కదా, వాడో కాదో తెలీదా?”

“మర్చిపోతానా? టోపీ కిందికి లాగేసుకున్నాడు, కనపడి చావట్లేదు. కోర్టులో కూడా ఆ మొహం చూడలేక తెర అడ్డం పెట్టించుకున్నాను. అవతల ఎవరెవరు కూర్చున్నారో ఇప్పటికీ తెలీదు.”

పెద్దావిడ పేరు బోక్‌సున్. పరుగు మొదలయ్యే చోట తనే వచ్చి పలకరించింది. ఇలాంటి పరుగు ఏ ఊళ్ళో పెట్టినా వెళతానని, ఒక్కో మొహమే చూసుకుంటూ తిరుగుతానని చెప్పింది.

“అంత బెంగ పెట్టుకోకు. ఏదీ, నవ్వు. నవ్వితే నీకు బుగ్గ సొట్ట పడుతుంది” అంది ఇప్పుడు.

ఆ పొద్దున మొదటిసారి హేరన్ నవ్వింది. నిజంగానే సొట్ట పడింది.

అంతలో వెనక అడుగులు దగ్గరయ్యాయి. హేరన్ ఒక్కసారిగా ముందుకి ఉరికింది. గట్టు మీది చెక్కబాట తడిసి ఉంది, కాలు మడతపడి కూలబడింది. నల్లటోపీ మనిషి వచ్చేశాడు. బోక్‌సున్ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది.

“ఏం కావాలి నీకు?”

“నాకేం వద్దమ్మా. ఈ చేతితొడుగు పారేసుకుంది. ఇద్దామంటే ఆగదే.” అతను రొప్పుతూ టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. కింద నున్నటి బట్టతల. “ఈ అమ్మాయి వేగం పట్టుకుంటే నేనూ చివరిదాకా వెళ్ళగలననుకున్నా. పేణాలు తీసేసింది.”

అతను ఆయాసపడుతూనే ముందుకి సాగాడు. వీపు మీద ‘మా చెల్లెలి కోసం’ అని ఉంది. హేరన్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

“పాపం, ఆ ముసలాయన్ని చూసి జడుసుకున్నావా?” బోక్‌సున్ నవ్వి, సీసాలోంచి వేడి బార్లీ టీ వంచి ఇచ్చింది. “లే, నీ ఇల్లెక్కడో చెప్పు. దింపి వెళతాను.”

ఇల్లు దగ్గరే. ఆవిడ భుజం మీద చెయ్యేసి కుంటుతూ హేరన్ అడిగింది. “మీ బిడ్డకేమైంది పిన్నీ?”

“ఏళ్ళ తరబడి నాలుగు గోడల మధ్యే గడిచిపోయింది. మనిషి పలకరింపు లేదు. ఈమధ్యనే బయటి గాలి తగిలింది. ఇవాళ వెంట తెచ్చాను కానీ, ఇంత జనంలోకి తేలేక కారులోనే ఉంచాను.”

హేరన్‌కి ఏడుపొచ్చింది. తనూ అలాగే గదిలో పడి ఉండేది. ఆ రోజుల్లో ఇలాంటి తల్లి ఒకతె ఉంటే బాగుండేదనిపించింది.

సందు మలుపులో బూడిదరంగు కారొకటి మెల్లగా వాళ్ళ వెనకే వచ్చి ఆగింది. అద్దాలకు మంచు పట్టి లోపల ఎవరున్నదీ తెలియలేదు. హేరన్ ఆవిడ భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

“మా కారేలే” అని బోక్‌సున్ చెయ్యి ఊపింది. హేరన్ కూడా కారువైపు చెయ్యి ఊపింది.

మూడో అంతస్తులో హేరన్ తాళం అంకెలు నొక్కుతుంటే ఆవిడ మర్యాదగా మొహం పక్కకి తిప్పుకుంది. తలుపు తెరిచాక మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల చెప్పులు విడిచే చోట మట్టి కొట్టుకున్న సైనికుల బూట్ల జత ఉంది. పడవల్లా ఉన్నాయి.

“మీ ఆయన ఉన్నాడా? చెప్పనేలేదే. అయితే ఇంకోసారి వస్తాలే.” ఆవిడ మెట్లవైపు తిరిగింది.

“అయ్యో, ఆయనా లేడు, గీయనా లేడు. రండి పిన్నీ. అవి పాత సామాన్ల సంతలో కొన్నాను. అప్పుడప్పుడూ కాస్త మట్టి కూడా పూస్తుంటాను. సామాన్లు తెచ్చేవాళ్ళకి నా పేరు కూడా ఇవ్వను, క్వాక్ చొల్‌గు అని మగపేరు ఇస్తా. వస్తాదులా లేదూ?”

ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు చాలామంది చేసే పనే. ఎవరూ పైకి చెప్పుకోరు. హేరన్ చెప్పడం ఇదే మొదలు, చెప్పాక గుండె తేలికపడింది.

“నేనూ నమ్మేశానే” అంది బోక్‌సున్ లోపలికి వస్తూ.

“మీ బిడ్డని కూడా పిలవండి. కాసేపు మాట్లాడతాను. ముగ్గురం వేడివేడిగా నూడిల్స్ తిందాం.”

“నీతో మాట్లాడితే ఆ మనసు కుదుటపడుతుంది తల్లీ.”

హేరన్ కుంటుకుంటూ వంటగదిలోకి వెళ్ళింది. పొయ్యి మీద నీళ్ళు పెట్టి అటు తిరిగి ఉల్లికాడలు తరగసాగింది. ఖాళీ గుడ్డ ఇంకా వీపు మీదే ఉంది. బోక్‌సున్ వంగి ఒక బూటు తీసి, తలుపు దానంతటది మూసుకుని తాళం పడకుండా సందులో అడ్డం పెట్టింది. ఫోను తీసి చాలా ఆప్యాయంగా, చిన్న గొంతుతో మాట్లాడింది.

“బాబూ, ఇంట్లో మగవాడు లేడు, పైకి రా.”