చీమల మెప్పు

రోజూ పొద్దున్నే అరచేతంత కాగితం మీద ఏదో ఒక పండు బొమ్మ వెయ్యందే చిత్రకారుడికి తోచదు. నిన్నటి సపోటాను భార్య బంగాళాదుంప అన్నప్పటి నుంచీ ఆయనకు ముద్ద దిగలేదు. పంతం పట్టి ఇవాళ మళ్ళీ సపోటానే వేశాడు.

బొమ్మ ఆరీ ఆరకముందే ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"ఏమేవ్, ఇలా రా! నా సపోటాకి చీమలు పట్టాయి!"

ఆమె పాలు లేని టీ చప్పరిస్తూ, "చక్కెర వెయ్యడం మరిచానా ఏమిటి" అని గొణుక్కుంటూ వచ్చింది. నిజంగానే బొమ్మ మీద చీమలు బారులు తీరి ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పు, ఇది బంగాళాదుంపా?"

"పండుకి పట్టాయి, సరే. దాని నీడకి కూడా పట్టాయేమిటండీ?"

"నీడ కూడా అంత బాగా కుదిరిందన్నమాట!"

ఆమెకు అనుమానం వచ్చింది. రంగుల పక్కన కుంచె నానుతున్న గ్లాసులో వేలు ముంచి నాకింది. తియ్యగా ఉంది.

"నా ఖర్మ! ఇది నా టీ. దీంతో వేశారా బొమ్మ?"

ఆయన మొహం మాడిపోయింది. మెల్లగా ఆమె చేతిలో సగమైన గ్లాసు కేసి చూశాడు.

"మరి నా కుంచెలు కడిగిన నీళ్ళేవే?"