కుర్రోళ్ళ బేరం

డయాలసిస్ మంచం మీంచే పక్క మంచం యుగంధర్ ఫోన్ గేములో నడుపుతున్న బేస్‌బాల్ టీములోకి తొంగిచూసి, మన్మథరావు నెత్తి కొట్టుకున్నాడు.

"డ్రాఫ్టంటూ కొత్తోళ్ళలోంచి ఏరుకుని పెంచిన కుర్రోళ్ళనిచ్చీసి, ఆ నెరిసిన గెడ్డపోణ్ణి తెత్తన్నావేట్రా? ఆ కుర్రోడు ఇసిరితే బంతి కంచిలి దాటి ఒరిస్సాలో పడతాదన్నావు గదా!"

"ఆడు పదునెక్కీసరికి శానా సీజన్లు పడతాది బావా. నాకు కప్పు ఈ సీజన్లోనే కావాల."

"తొందరేటి? మీ యమ్మ కిడ్నీ ఇత్తానంది గదా. పెట్టించుకుని జీడితోటలో కూకుని తాపీగా ఆడుకో."

యుగంధర్ ఫోన్లోంచి తలెత్తలేదు.

"నిన్న అమ్మ టెస్టులొచ్చాయి. అమ్మకీ ఈ జబ్బే ఉన్నాదట, ఆ కిడ్నీ పనికిరాదన్నారు."

ఎప్పుడూ కోతలతో వార్డంతా నవ్వించే మన్మథరావు మళ్ళీ ఆ ఫోన్లోకి తొంగిచూశాడు.

"ఆ గెడ్డపోడు బాగా కొడతాడేట్రా?"

"కొడతాడు."

"అయితే తెచ్చీ. ఇంకా సూత్తావేటి?"