ఉయ్యాల వైపు చూడని మనిషి

పాపను చూడవచ్చిన వాళ్లందరూ తిన్నగా ఉయ్యాల దగ్గరికే వెళ్లారు.

ఆమె మాత్రం వెళ్లలేదు.

గడప దగ్గరే నిలబడి, మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్న బాలింతనే చూసింది. యాభై దాటిన మనిషి. నలిగిన చీర, చంకలో గుడ్డసంచి. పక్కింటి వాళ్ల చుట్టమేమో అనుకుంది సుగుణమ్మ.

"నిద్ర పడ్తుందా బిడ్డా?" అని అడిగింది ఆమె.

బాలింత స్రవ్య చూపు ఎదుటి గోడ మీద, ఏమీ లేని చోట ఆగిపోయి ఉంది.

సుగుణమ్మే కల్పించుకుంది. తల్లి లేని కోడలికి పురిటి సేవంతా తనే చేస్తోంది. ఒళ్లంతా నూనె పట్టించి వేన్నీళ్లు పోయడం, సాంబ్రాణి పొగ వేయడం, నడుముకు గుడ్డ బిగించి కట్టడం, వెల్లుల్లి కారంతో వేడన్నం కలిపి ముద్దలు పెట్టడం. కుట్లు మానాయని, పాలు బాగా పడ్డాయని, ఒంట్లోకి రక్తం వచ్చిందని గర్వంగా చెప్పింది.

అంతా విని, ఆమె మళ్లీ అదే అడిగింది. నిద్ర పడుతోందా అని.

ఆ తర్వాత ఉయ్యాల వైపు ఒక్కసారైనా చూడకుండా మెట్లు దిగిపోయింది.

సుగుణమ్మ గబగబా తలుపు గడియ పెట్టింది. పసిబిడ్డ ఉన్న ఇంటికి వచ్చి, బిడ్డను చూడని ఆడమనిషి ఉంటుందా?

వాళ్లు బహదూర్‌పురా నుంచి లాల్‌దర్వాజాలోని ఈ పై వాటాలోకి ఈమధ్యే మారారు. గల్లీలో ఇంకా ఎవరూ సరిగా తెలియదు. ఆ వచ్చినామె ఎవరని కింద ఉండే ఇంటి యజమానురాలు కృష్ణమ్మను అడిగితే, గొంతు తగ్గించింది.

"ఆమెను ఇంట్లకు రానియ్యకు" అని తలుపు వేసుకుంది.

ఆ మాటతో సుగుణమ్మ భయం రెట్టింపైంది.

ఆ మనిషి మళ్లీ వచ్చింది. ఈసారి పైకి రాలేదు. గల్లీలో ఎదుటి ఇంటి గోడ నీడన నిలబడి, వీళ్ల డాబా వైపు తలెత్తి చాలాసేపు చూసింది. ఆ మర్నాడు కూడా.

చార్మినార్ దగ్గర ముత్యాల దుకాణంలో పనిచేసే కొడుకు అక్షయ్‌కు చెబితే నవ్వేశాడు.

"సీరియళ్లు సూసి సూసి నీకు గిట్ల అయితుందమ్మా."

ఆ రోజు పాపకు పాలిస్తూ స్రవ్య తనంతట తనే నోరు విప్పింది.

"అత్తమ్మా, నేను లేకున్నా పాప డబ్బా పాలు తాగుతదా?"

"నీకు పాలకేం తక్కువైంది? ఇంకో ముద్ద తిను" అంది సుగుణమ్మ.

స్రవ్య తినేసింది. ఎన్ని ముద్దలు పెట్టినా కోడలు కాదనకుండా తింటోందని, సుగుణమ్మ ఆ సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి సంబరంగా చెప్పుకుంది.

మళ్లీ ఒకసారి తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా ఆమే. లోపలికి అడుగు పెట్టకుండానే సుగుణమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"అమ్మా, నీ కోడల్ని ఒక్కదాన్నే డాబా మీదికి పోనియ్యకు. పిట్టగోడ పొట్టిగుంది."

సుగుణమ్మ చెయ్యి విదిలించుకుంది.

"బాలింత ఉన్న ఇంట్ల గవేం మాటలు? నీ నాలుక ఎండిపోను."

తలుపు ధడాలున వేసి, ఉప్పూ ఎండు మిరపకాయలూ గుప్పిట్లోకి తీసుకుని కోడలికీ మనవరాలికీ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. మిరపకాయలు మాడి నల్లబడ్డాయి కానీ ఘాటు రాలేదు. దిష్టి గట్టిదైతేనే అలా అవుతుంది.

ఈసారి అక్షయ్ నవ్వలేదు. గల్లీ చివర ఆమెను పట్టుకుని, నలుగురిలో నిలబెట్టి, ఇంకోసారి కనిపిస్తే పోలీసులకు పట్టిస్తానన్నాడు. ఎవరో మంత్రగత్తె అన్నారు. ఇంకెవరో వెనక నుంచి నెట్టారు. ఆమె తల వంచుకుని నడిచిపోయిందట.

ఆ తర్వాత రాలేదు. ఇల్లు కుదుటపడింది.

ఒక మధ్యాహ్నం కోడలికి అన్నం పెట్టి సుగుణమ్మ నడుం వాల్చింది. రోజూ ఆ వేళకు ఒళ్లెరగకుండా నిద్రపోయేది. ఆ రోజు రెప్ప వాలలేదు. ఆ మాయదారి మనిషి పెట్టిన శాపం చెవిలో తిరుగుతూనే ఉంది.

పాప ఏడుపు మొదలుపెట్టింది.

ఎవరూ ఎత్తుకోలేదు.

లేచి చూస్తే మంచం ఖాళీగా ఉంది. డాబా మెట్ల తలుపు తెరిచి ఉంది.

సుగుణమ్మ మోకాళ్ల నొప్పులు మరిచి పైకి పరుగెత్తింది. స్రవ్య పిట్టగోడ మీద, కాళ్లు అవతలికి వేసి కూర్చుని ఉంది. వెనక నుంచి నడుం పట్టుకుని లాగితే ఇద్దరూ వేడి గచ్చు మీద పడ్డారు.

"నేను అలిసిపోయిన, అత్తమ్మా" అంది స్రవ్య. అంతే.

దవాఖానలో డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. కాన్పు తర్వాత కొందరికి మనసు ఇలా చీకటైపోతుందనీ, దీనికి మందులున్నాయనీ, కొన్నాళ్లకు నయమవుతుందనీ. ఒళ్లు కోలుకున్నంత మాత్రాన మనిషి కోలుకున్నట్టు కాదంది. ఇంట్లో ఎవరూ గమనించలేదా అని అడిగింది.

ఇంటికి రాగానే సుగుణమ్మ ఆ మనిషి కోసం వెతికింది. గుడి దగ్గర, కూరగాయల బండ్ల దగ్గర, పక్క గల్లీల్లో. ఎవరికీ జాడ తెలియదు. చివరికి కృష్ణమ్మ తలుపు కొట్టి, ఆమె ఎవరో చెప్పేదాకా కదలనని గడపలో కూర్చుంది.

కృష్ణమ్మ చాలాసేపు చీర కొంగు నలిపింది. చెబితే ఇంట్లో ఎవరూ కిరాయికి దిగరని దాచానంది. నలుగురిలో అవమానమైన మర్నాడే ఆమె ఊరు విడిచి పోయిందనీ, ఎక్కడికో తెలియదనీ చెప్పింది.

"మీకంటె ముందు పై వాటాల ఉన్నది వాళ్లే. గామె కూడ నీలెక్కనే కోడలికి నీళ్లు పోసింది, నీలెక్కనే ముద్దలు పెట్టింది. ఆ పిల్ల డాబా ఎక్కి దూకిన పొద్దు మాత్రం, గామెకు నిద్ర పట్టింది."