అడ్డంగా నిలబడ్డ ఎలుగుబంటి

ఎలుగుబంటి ఇవాళ కూడా సరిగ్గా వాళ్ల బెంచీ ముందుకే వచ్చి నిలబడింది.

నిజం ఎలుగుబంటి కాదు. లోపల మనిషి ఉండే బొచ్చు వేషం. పార్కుకు వచ్చిన పిల్లలకు చేతులూపడం దాని ఉద్యోగం. వేషంలో ఉన్నంతసేపూ నోరు విప్పకూడదని అక్కడి రూలు.

"ఇంత పెద్ద పార్కులో దీనికి మన బెంచీయే దొరికిందా?" పళ్లు నూరాడు ఆర్థికమంత్రి.

ఆ బిరుదు భార్య ఇచ్చింది. ఇంటి ఖర్చుల విషయంలో ఆయన మాటకు తిరుగు లేదు మరి.

ఈ సెలవుల ఖర్చూ ఆయన చేతిమీదే నడుస్తోంది. రిసార్టులో గది అద్దె తప్పదు, పార్కు టికెట్టు తప్పదు. తగ్గించగలిగేది తిండి ఒక్కటే. లోపలి హోటళ్లలో ధరలు చూస్తేనే కళ్లు తిరుగుతాయి. అందుకే పొద్దున్నే గదిలో ఉన్న కెటిల్లో గుడ్లు ఉడికించి, రొట్టె ముక్కల మధ్య పెట్టి, డబ్బాను పాప స్వెట్టరులో చుట్టి గేటు దాటించేవారు.

బయటి తిండి లోపలికి తేకూడదు. గార్డుకు కనబడితే లాక్కుంటాడు.

అలా మిగిల్చిన డబ్బుతో చివరి రోజు పాపను ఎగిరే పడవ ఎక్కించాలి. దానికి టికెట్టు వేరే. ఏడాదిగా పాప నిద్రలో కూడా ఆ పడవనే కలవరిస్తోంది.

"తిను తల్లీ, తొందరగా," అంది భార్య.

"నాన్నా, ఎలుగుబంటి నాకు చెయ్యి ఊపదా? ఎప్పుడూ అటే తిరిగి ఉంటుందేం?"

"మనం దాని కంటికి ఆనతామా? డబ్బున్నవాళ్లకే ఊపుతుంది."

అంతలో ఎలుగుబంటి వెనక్కి తిరిగింది. డబ్బా వంక చూసింది. గబగబా నడుచుకుంటూ పక్కదారిలో వస్తున్న ఇద్దరి దగ్గరికి వెళ్లింది. ఒకడు గార్డు, రెండోవాడు పైఆఫీసరు. ఎలుగుబంటి ఆఫీసరు భుజం తట్టి, చెయ్యి చాపి ఏదో చూపించింది.

ఆఫీసరు అటూ ఇటూ చూసి నేరుగా బెంచీ దగ్గరికే వచ్చాడు.

"డబ్బా ఇటివ్వండి సార్," అన్నాడు గార్డు తల దించుకుని.

"చిన్నపిల్లయ్యా. సగమే తింది."

"రూలు రూలే," అన్నాడు ఆఫీసరు.

డబ్బాలోని తిండి చెత్తబుట్ట పాలైంది. ఆకలికి ఏడ్చే పిల్లను ఎంతసేపని సముదాయిస్తారు? హోటల్లో పాపకొక్కదానికే కొన్నారు. అయినా బిల్లు కట్టాక ఆర్థికమంత్రి పర్సులోకి చూసి నీరుగారిపోయాడు.

"మరి పడవ?" అడిగింది పాప.

"ఇంకోసారి వచ్చినప్పుడు, బంగారం."

"ఇంకోసారి ఎప్పుడు?"

ఆయనకు కడుపు రగిలిపోయింది. గార్డు మీద కాదు, ఆఫీసరు మీదా కాదు. వాళ్ల ఉద్యోగం వాళ్లు చేశారు. చాడీలు చెప్పిన ఎలుగుబంటి మీద!

"దాని పని పట్టకపోతే చూడు."

"పోనిద్దురూ," అంది భార్య.

"ఎలా పోనిస్తాను? నా కూతురి నోటి దగ్గర కూడు లాగేసింది. దాని కూడు నేను లాగేస్తాను."

పాపను రెక్క పట్టుకుని ఫిర్యాదుల కౌంటరుకు నడిపించాడు.

"మీ ఎలుగుబంటి మా పిల్లను తోసేసింది. చూడండి, మోకాలు ఎలా దోక్కుపోయిందో!"

ఆ దెబ్బ పొద్దున గది మెట్ల మీద తగిలింది.

"నాన్నా, ఇది..."

"నువ్వు ఊరుకోమ్మా!"

కౌంటరులో అమ్మాయి ముఖం పాలిపోయింది. "పిల్లల జోలికొస్తే మావాళ్లు ఊరుకోరు సార్. ఈ పూటే పంపించేస్తారు."

"పంపించాలి మరి!"

పొద్దుటినుంచి ఏమీ తినకపోయినా ఆయనకు కడుపు నిండినట్టయింది. నోరు విప్పడానికి లేని ఆ వేషంలో చాడీకోరు ముఖం ఎలా మాడిపోయి ఉంటుందో ఊహించుకుంటూ, గదికి వెళ్లేదాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు ఎలుగుబంటి కనిపించలేదు.

"పీడ విరగడైంది," అంటూ ఆర్థికమంత్రి తనే డబ్బా మూత తీశాడు.

పాప ఒక్క ముక్క కొరికిందో లేదో, గార్డు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఇవాళ నీకెవరు చెప్పారయ్యా?"

"ఒకరు చెప్పాలా సార్? గేటు దగ్గర నిలబడితే మీ బెంచీ తిన్నగా కనబడుతోంది."

"నిన్న ఆ ఎలుగుబంటి చెప్పింది కదా!"

గార్డు తెల్లబోయాడు. "చెప్పడమా? ఆఫీసరుగారు ఇటు రాకుండా బొమ్మల రైలు వైపు మళ్లిద్దామని చెయ్యి చూపించింది సార్. ఆయన వినలేదు."

భార్య చేతిలోని రొట్టె అలాగే ఉండిపోయింది.

"నా కంటపడితే నేను లాక్కోక తప్పదు. అందుకని పిల్లలు ఎక్కడ తింటుంటే అక్కడికి పోయి, నాకు కనబడకుండా అడ్డం నిలబడేది. నేనూ ఆ పక్కకి చూసేవాణ్ని కాదు."

"ఇప్పుడేది ఎలుగుబంటి?" అడిగింది పాప.

"తీసేశారమ్మా. ఎవరి పిల్లనో తోసిందట."

పాప తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన తలెత్తలేదు.

"పిల్ల తింటోంది... ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు వదిలెయ్యవయ్యా," అన్నాడు చివరికి.

"వదలలేను సార్. నా ఉద్యోగం కూడా పోతే మా పొయ్యి వెలగదు," అన్నాడు గార్డు డబ్బా అందుకుంటూ. "ఆ వేషంలో ఉన్నది మా ఆవిడ."